అత్తయ్యగారి పడవామె

ఒక శనివారం పొద్దున ఇడ్లీ తింటూ మా అత్తయ్యగారు, "పడవామె ఈమధ్య ఫోన్ చెయ్యట్లేదేవిటమ్మాయ్? ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగారు.

నేను చట్నీ గిన్నె ఆవిడ ముందు పెట్టాను. పడవామె అనే మనిషి ఎక్కడా లేదు. ఆవిణ్ణి నేనే కల్పించాను. నేను తెలుగులో ఫాంటసీ నవలలు రాస్తాను. సముద్రం వెనక్కి వెళ్ళిపోయాక మిగిలిన ఉప్పు మీద కట్టుకున్న ఒక నగరం కథ అది. ఆ నగరానికీ బయటి లోకానికీ మధ్య పొగమంచుతో నిండిన ఏరు ఒకటుంటుంది. ఆ ఏటి మీద పడవ నడిపే ముసలావిడే పడవామె. రాజులని కూడా వరస పెట్టి తిడుతుంది, తమలపాకులు నములుతుంది, ఏరు తన మాట వింటుందని నమ్ముతుంది. అప్పటికి రెండు పుస్తకాలు వచ్చాయి. మూడోది సగంలో ఉంది.

అత్తయ్యగారు వేళాకోళం ఆడుతున్నారేమోనని మొహంలోకి చూశాను. ఆవిడ నా జవాబు కోసం చూస్తున్నారు. "బాగానే ఉన్నట్టుందండీ" అన్నాను. "అయితే సరే" అని ఇంకో ఇడ్లీ వేసుకున్నారు.

మేం ఉండేది ఆక్లాండ్ దక్షిణపు అంచున, టకానినిలో. మావారూ నేనూ చదువుకోవడానికి ఈ దేశం వచ్చి, ఇక్కడే పరిచయమై, పెళ్ళయిన కొత్తలో మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక పాత ఫ్లాట్‌లో మరో జంటతో కలిసి ఉన్నాం. పాప పుడుతుందనగా ఇటు వచ్చేశాం. అన్నీ ఒకేలా ఉండే బూడిదరంగు ఇళ్ళు, ఒక పక్క రైలు కట్ట, ఇంకో పక్క మోటర్‌వే. చలికాలం పొద్దున్నే కిటికీ అద్దాల లోపలివైపు నీళ్ళు కారుతుంటాయి. పాత తువ్వాలు పట్టుకుని అవి తుడవడంతో రోజు మొదలవుతుంది.

మావారు ఆస్పత్రి కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నారు. నేను సరుకు చెడకుండా చల్లగా ఉంచి చేరవేసే ట్రక్కుల కంపెనీలో పనిచేస్తాను. ఏ ట్రక్కు ఎన్ని గంటలకి ఏ ఊరు వెళ్ళాలో, డ్రైవరు రాకపోతే ఎవరిని పిలవాలో చూడటం నా పని. మిగిలిన సందుల్లోనే నవల. పాపకి ఈత క్లాసు జరుగుతుంటే కార్‌పార్క్‌లో స్టీరింగ్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రాసేదాన్ని. గరాజ్‌లో వాషింగ్ మెషీన్ పక్కన ఒక చిన్న బల్ల ఉంది, అక్కడ రాసేదాన్ని. మెషీన్ తిరగడం మొదలైతే బల్ల కూడా వణికేది. ఉప్పు నగరంలో భూకంపం వచ్చే అధ్యాయం అక్కడే రాశానని చెబితే మావారు నమ్మలేదు.

అయినా రెండు పుస్తకాలు పూర్తయ్యాయంటే అది అత్తయ్యగారి వల్లే. మామగారు పోయాక, మా పాప పుట్టినప్పుడు వచ్చి ఆవిడ ఇక్కడే ఉండిపోయారు. కోనసీమలో ఆడపిల్లల బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నేను రాస్తానని తెలిసిన మొదటి వారమే, "శనివారం నువ్వు వంటింట్లోకి రాకు. ఏం వండుతున్నానో కూడా అడక్కు" అన్నారు. ఆ శనివారాలే నా పుస్తకాలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, రాసినంత మేరా నేను ఆఫీసులో ప్రింట్ తీసి తెచ్చిన కాగితాలు పట్టుకుని, గదిని వెచ్చబరిచే హీట్‌పంప్ ఎదురుగా కూర్చునేవారు.

"నీ రాజుగారు మరీ మర్యాదగా మాట్లాడుతున్నాడమ్మాయ్. రాజులకి అంత తీరికెక్కడిదీ?" అనేవారు.

పడవామె మాటలు మాత్రం ఎప్పుడూ దిద్దలేదు. చదువుతూ చదువుతూ తనలో తనే నవ్వుకుని, ఆ పేజీ మళ్ళీ మొదటి నుంచి చదివేవారు. ఆ నవ్వు గరాజ్ దాకా వినిపించేది. ఆ పాత్ర రెండో పుస్తకంలో అంత పెరగడానికి ఆ నవ్వే కారణమని నాకు తెలుసు.

ఇడ్లీల దగ్గర ఆ మాట అడిగే నాటికే కొన్ని తేడాలు కనిపిస్తున్నాయి. మేం చూసీ చూడనట్టు ఊరుకున్నాం. పప్పులో ఉప్పు రెండుసార్లు పడేది. వీధి చివర డెయిరీకి పాల కోసం వెళ్ళి ఖాళీ చేతులతో వచ్చి, కొట్టు మూసేశారనేవారు. నేను వెళ్తే కొట్టు తెరిచే ఉండేది. మావారు ఒప్పుకోలేదు. "ఈ చలికి ఎవరికైనా మతి పోతుంది. ఎండలు రానీ" అన్నారు. ఎండలు వచ్చాయి. అత్తయ్యగారు స్టవ్ మీద ఖాళీ గిన్నె పెట్టి మొక్కలకి నీళ్ళు పోయడానికి వెళ్ళారు. పొగ అలారం మోగి వీధి వీధంతా బయటికొచ్చింది.

డాక్టరు దగ్గర పరీక్ష జరిగింది. దుబాసీ ఫోన్‌లో ఉన్నాడు, హైదరాబాదు యాసవాడు. అతను అడిగేది అత్తయ్యగారికి సగమే అర్థమైంది. ఇది ఏ కాలమని అడిగితే, "ఇక్కడా, మన దగ్గరా?" అని ఎదురడిగారు. అతను నవ్వాడు, నేనూ నవ్వాను. గడియారం బొమ్మ గియ్యమన్నారు. బ్లాక్‌బోర్డు మీద గీసినట్టు గుండ్రంగా, చక్కటి సున్నా గీశారు. అంకెలన్నీ ఒక పక్కకే పేర్చి, మిగతా సగం ఖాళీగా వదిలేసి, కాగితం డాక్టరుకి ఇచ్చారు. తర్వాత నవ్వడానికేమీ లేకపోయింది.

ఆవిడకి అక్షరాలు ముందు పోయాయి. ప్రింట్ తీసిన కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు గాని కళ్ళు కదిలేవి కావు. అందుకని నేనే పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. వంట ఇప్పుడు నాదే కాబట్టి శనివారం రాయడానికి కుదిరేది కాదు. ఒకవైపు కూర కలుపుతూ, ఒకవైపు ఎప్పుడో రాసిన పాత అధ్యాయాలు చదివేదాన్ని. ఆవిడ నవ్వేవారు. పేర్లు మర్చిపోతున్న మనిషి పడవామెని మాత్రం మర్చిపోలేదు. ఆ నవ్వు ఉన్నంతసేపు నేను సరైన పనే చేస్తున్నాననుకున్నాను.

క్రమంగా పడవామె కథలోంచి బయటికొచ్చింది. మొదట ఫోన్ చెయ్యని చుట్టమైంది. తర్వాత గోదావరి వరదల్లో అత్తయ్యగారిని బడికి దాటించిన మనిషైంది. "కిందటి నెల వచ్చి ఇక్కడే పడుకుంది, నువ్వే కదా దుప్పటి ఇచ్చావు" అన్నారోసారి. మా పాపకి అప్పుడు పన్నెండేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది ఎక్కువ ఇంగ్లీషే. అది చాలా మామూలుగా, "షీ ఈజ్ ఎట్ వర్క్, నానమ్మా. లేట్‌గా వస్తుంది" అనేది. అత్తయ్యగారు తలూపి ఊరుకునేవారు. నాకంటే పాపకే ఆ పని బాగా వచ్చేది.

ఇది మావారికి నచ్చలేదు. ఒక ఆదివారం ఆయన పాత ఫొటోల ఆల్బం తీసి తల్లి పక్కన కూర్చున్నారు. అత్తయ్యగారికి ఒక అక్క ఉండేది. మావారి చిన్నతనంలోనే, నిండా ముప్పై ఏళ్ళు లేకుండానే పోయింది. లంగా ఓణీల్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఉన్న ఫొటో చూపించి, "ఈవిడెవరమ్మా?" అని అడిగారు.

అత్తయ్యగారు చాలాసేపు చూశారు. "ఎవరో పిల్ల. బావుంది" అన్నారు.

"పెద్దమ్మే. మీ అక్క."

"నాకు అక్కెక్కడుందిరా?" అని, నావైపు తిరిగి, "ఇవాళ పడవామె వస్తానందా?" అని అడిగారు.

మావారు ఆల్బం మూసి గరాజ్‌లోకి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను.

"సొంత అక్క గుర్తులేదు. నువ్వు రాసిన మనిషి గుర్తుంది" అన్నారు. గొంతు పెంచలేదు. "ఉన్న కాస్త చోటూ నీ కథతో నింపేశావు."

"నేను చదవకపోయినా ఆవిడ మర్చిపోయేవారు" అన్నాను.

"అయ్యుండచ్చు. అయినా ఇంక చదవకు."

ఆ రోజు నాకు కోపమే వచ్చింది. తల్లి నవ్వడం ఈయన చూడట్లేదా అనుకున్నాను. కానీ ఆయన అన్నది కొట్టిపారెయ్యలేకపోయాను. చదవడం ఆపేశాను. అదే సమయంలో విజయవాడ నుంచి ప్రచురణకర్త మూడో పుస్తకం ఎంతవరకు వచ్చిందని అడుగుతున్నారు. మూడో పుస్తకంలో పడవామె చనిపోవాలి. మొదటి పుస్తకం మొదలుపెట్టినప్పటి నుంచీ కథ అటే వెళ్తోంది, ఆవిడ పోతే గాని ఏరు దారివ్వదు. ఆ అధ్యాయం మొదలుపెట్టి, ఒక పేరా రాసి, చెరిపేసి, ఇంటి ముందు అత్తయ్యగారి స్వెట్టర్ ఆరేసి ఉండటం చూసి ల్యాప్‌టాప్ మూసేసేదాన్ని.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా పాప ఫోన్ చేసింది. బడి నుంచి వచ్చేసరికి తలుపు తీసే ఉందట. "అమ్మా, నానమ్మ ఇంట్లో లేదు. టీవీ ఆన్‌లో ఉంది" అంది. ఆవిడ దగ్గర ఉండటానికి వచ్చే మనిషి ఆ రోజు ముందే వెళ్ళాల్సి వచ్చింది. పాప వచ్చేలోపు కాసేపే కదా అనుకున్నాం. ఆ కాసేపట్లోనే వెళ్ళిపోయారు.

వాన పడుతోంది. మావారు సిటీ నుంచి రావడానికి రైలెక్కారు. నేను పోలీసులకి చెప్పి, కారులో వీధులన్నీ తిరిగాను. పక్కింటి పంజాబీ అంకుల్ తన వ్యాన్‌లో రైల్వే గేటు వైపు వెళ్ళారు. పాపని ఇంటి దగ్గరే ఉండమంటే వినలేదు. నా పక్క సీట్లో కూర్చుని, కిటికీ దించి, వానలో తల బయటపెట్టి చూస్తోంది. ఉన్నట్టుండి, "నీళ్ళ దగ్గరికి వెళ్దాం" అంది. "వై?" అని నేనే ఇంగ్లీషులో అడిగాను. "పడవామె కోసం వెళ్ళుంటుంది కదా."

మోటర్‌వే అవతల, మడచెట్ల మధ్య, సముద్రపు పాయ ఒకటి లోపలికొస్తుంది. మేం వెళ్ళేసరికి ఆటు. నీళ్ళు ఎక్కడో దూరాన సన్నగా మెరుస్తున్నాయి, మిగతాదంతా నల్లటి బురద. ఒడ్డున ఒక బల్ల మీద అత్తయ్యగారు కూర్చుని ఉన్నారు. ఒంటి మీద ఎవరిదో రెయిన్ జాకెట్. మోకాళ్ళ దాకా బురద, ఒక కాలికి చెప్పు లేదు. పక్కన ఒక మావోరీ ఆవిడ తడిసిపోయి కూర్చుని ఉంది. జాకెట్ ఆవిడదే. కుక్కని నడిపించడానికి వచ్చి, బురదలో దిగబడిన అత్తయ్యగారిని చూసి, చెయ్యి పట్టుకుని పైకి తెచ్చిందట. "నాకు ఆవిడ చెప్పేది ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఎవరికోసమో చూస్తోందని తెలిసింది. అందుకే వదిలి వెళ్ళలేదు" అని ఇంగ్లీషులో చెప్పింది. నేను థాంక్స్ చెప్పబోయి ఏడ్చేశాను. ఆవిడ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

అత్తయ్యగారు నన్ను చూసి, "పోటు రాలేదమ్మాయ్. పడవెలా వస్తుంది?" అన్నారు. వణుకుతున్నారు. పెదాలు నీలంగా ఉన్నాయి.

ఆస్పత్రిలో ఉండగానే అక్కడివాళ్ళు మృదువుగా చెప్పారు, ఇంక ఇంట్లో కుదరదని, పెద్దవాళ్ళని చూసుకునే రెస్ట్‌హోమ్‌లో చేర్చాలని. తలుపులకి తాళాలు వేసుకుని బతకడం మాకూ చేతకాదు. ఇద్దరం ఉద్యోగాలు మానలేం. మావారు మంచం పక్కన కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి కార్‌పార్క్ చూస్తూ, "రెస్ట్‌హోమ్‌లో పెరుగన్నం ఎవరు పెడతారు?" అన్నారు. నన్ను అడిగినట్టు లేదు. పడవామె మాట మా మధ్య రాలేదు. నన్ను ఆయన ఏమీ అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

రెస్ట్‌హోమ్‌లో బట్టలన్నిటికీ పేరున్న చిన్న గుడ్డముక్క కుట్టి పంపాలి. లేకపోతే ఉతుకులో కలిసిపోతాయి. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న ఆవిణ్ణి అక్కడికి పంపించే ముందు ఆదివారం, మధ్యాహ్నం పూట, హాల్లో నేల మీద బట్టలు కుప్ప పోసుకుని మావారూ నేనూ కుడుతున్నాం. బయట వాన. పాప తన గదిలో ఉంది. అత్తయ్యగారు సోఫాలో కూర్చుని చీరలు మడత పెడుతున్నారు, విప్పుతున్నారు, మళ్ళీ మడత పెడుతున్నారు. చేతిలోకి ఒక పచ్చచీర రాగానే ఆగారు.

"పడవామె పోయింది, తెలుసా?" అన్నారు.

మావారు తలెత్తలేదు. నేను సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టాను. ఆ అధ్యాయం నేను రాయలేదు. పడవామె పోతుందని మావారికి తప్ప ఎవరికీ తెలియదు.

"ఎప్పుడండీ?" అన్నాను.

"పొద్దున్నే. నేనే స్నానం చేయించాను. అమ్మ వల్ల కాలేదు, గడప దగ్గర కూలబడిపోయింది." ఆవిడ గొంతు మామూలుగా ఉంది, పాఠం చెబుతున్నట్టు. "ముక్కుపుడక రాలేదు. కొబ్బరినూనె రాశాం. సబ్బు రాశాం. ముక్కు కందిపోయింది. అప్పుడు నేనే అన్నాను, వదిలెయ్యండి, నొప్పి పెడుతోంది దానికి, అని. అందరూ నావైపు చూశారు. పోయినదానికి నొప్పేవిటే అంది పిన్ని. నేను మాత్రం తియ్యనివ్వలేదు. అలాగే పంపించాం. పచ్చచీర కట్టాం."

మావారి చేతిలో స్వెట్టర్ కింద పడింది. ఆయన మోకాళ్ళ మీద జరుగుతూ వెళ్ళి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నారు. "అమ్మా, అది పెద్దమ్మ" అన్నారు. "నేనూ ఉన్నాను. నన్ను బయటికి తీసుకెళ్ళిపోయారు గాని, తలుపు సందులోంచి చూశాను. ముక్కుపుడక కోసం అందరూ దెబ్బలాడుకోవడం గుర్తుంది."

అత్తయ్యగారు ఆయన్ని చూశారు. "నువ్వెవరబ్బాయివి?" అన్నారు.

ఆయన ఆవిడ ఒళ్ళో ఉన్న పచ్చచీర మీద తల పెట్టుకున్నారు. ఆవిడ ఎవరి పిల్లాడినో నిమిరినట్టు ఆయన జుట్టు నిమిరారు. ఆయన ఏడవడం అంతకుముందు నేను చూడలేదు.

తర్వాత వంటింట్లో టీ పెడుతుంటే ఆయన వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. "ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. అమ్మ నోట ఎన్నడూ వినలేదు" అన్నారు. "మర్చిపోయిందనుకున్నాను. మర్చిపోలేదు, పెద్దమ్మకి పేరు మార్చుకుంది." కప్పులు తీసి పెడుతూ, "నీ పుస్తకంలో పడవామె పోవాలి కదా" అన్నారు.

"పోవాలి."

"ఈ చావు పెద్దమ్మది. పడవామెకి ఇవ్వకు."

"ఇవ్వను" అన్నాను.

అత్తయ్యగారిని పంపించాం. ఆ వసంతంలో, ఈత క్లాసుల కార్‌పార్క్‌లోనే, పడవామె చావు రాశాను. ముక్కుపుడక లేదు, కొబ్బరినూనె లేదు, గడప దగ్గర కూలబడ్డ తల్లి లేదు. పొగమంచులోకి పడవ వెళ్ళింది, తిరిగి రాలేదు, అంతే రాశాను. నేను విన్నదాని ముందు అది చాలా పలచగా ఉందని రాస్తున్నప్పుడే తెలుసు. పుస్తకం వచ్చాక పాఠకులు కొందరు అదే అన్నారు. అంత గొప్ప పాత్రని అంత తొందరగా పంపించేశారేమిటని ఒకావిడ మెసేజ్ పెట్టింది. కథకి అలా కుదిరిందండీ అని జవాబిచ్చాను. మావారు ఆ అధ్యాయం చదివారు. బావుందనలేదు, బాలేదనలేదు. పుస్తకం షెల్ఫులో పెట్టి, ఆ పూట గిన్నెలన్నీ ఆయనే తోమారు.

రెస్ట్‌హోమ్‌లో తెలుగు వచ్చినవాళ్ళు లేరు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఒక కేర్‌గివర్ మా దగ్గర "నీళ్ళు", "చాలు", "నొప్పి" అనే మాటలు నేర్చుకుంది. అవి ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మంచం పైన అంటించింది. కొన్నాళ్ళకి అత్తయ్యగారికి ఆ మాటలు కూడా అక్కర్లేకపోయాయి. పడవామె ఊసు మళ్ళీ రాలేదు. ఒకసారి ఉండబట్టలేక నేనే, చాలా మెల్లిగా, పాత అధ్యాయంలో ఆవిడకి నచ్చిన తిట్లు చెప్పి చూశాను. మొహంలో ఏమీ కదల్లేదు. మర్యాదగా వింటున్నట్టు కూర్చున్నారు, తెలియని భాషలో ఎవరో మాట్లాడుతుంటే కూర్చున్నట్టు.

ఇప్పుడు శనివారాలు అక్కడే గడుస్తాయి. పాప ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి హోంవర్క్ ఉందంటుంది. బలవంతపెట్టం. మావారు డబ్బాలో మెత్తగా కలిపిన పెరుగన్నం తెచ్చి చెంచాతో పెడతారు. మింగడం కష్టమైంది కాబట్టి చాలాసేపు పడుతుంది. నేను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటాను. నాలుగో పుస్తకం ఎప్పుడని ప్రచురణకర్త అడిగితే, ఇంకా ఏమీ లేదని చెప్పాను. ఒళ్ళో ల్యాప్‌టాప్ ఉండదు. ఆవిడ నోరు తెరవడం కోసం ఆయన చెంచా పట్టుకుని ఆగడం, ఆవిడ తెరవడం, మళ్ళీ ఆగడం చూస్తుంటాను. డబ్బా ఖాళీ అయ్యాక ఆయన తడిగుడ్డతో ఆవిడ మూతి తుడుస్తారు. నేను డబ్బా కడుక్కొస్తాను.